చలిని ఓర్చే కుండీ కొనకండి

షికాగో చుట్టుపక్కల నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ లాంటి ఊళ్లలో మే నెల రాగానే తెలుగువాళ్ల ఇళ్ల వెనక డెక్కుల మీద కుండీలు బారులు తీరతాయి. గోంగూర, బెండ, పచ్చిమిర్చి, దోస, మల్లె, తులసి, కరివేపాకు. అక్టోబరుకి కరివేపాకూ తులసీ ఇంట్లోకి వచ్చేస్తాయి. మిగతావి తొలి మంచుకి నల్లబడి వాలిపోతాయి. కుండీలు మాత్రం మట్టితో సహా బయటే ఉండిపోతాయి. మళ్లీ ఏప్రిల్లో చూస్తే కొన్ని నిలువునా చీలి ఉంటాయి, కొన్నిటికి అంచులు ఊడి ఉంటాయి, కొన్నిటిని పైకెత్తితే అడుగు కిందే మిగిలిపోతుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: ఇక్కడి చలికి పగలనిది, మరీ ఖరీదు లేనిది ఏ కుండీ కొనాలి?

నా సలహా తలకిందులుగా వినిపిస్తుంది. అలాంటి కుండీ కోసం వెతకడం మానేయండి. చలికాలంలో బయట నిండుగా ఉండాల్సిన అవసరమే లేని కుండీ కొనండి. కుండీకి అతికించిన చీటీ మీద ఏం రాసి ఉన్నా, అక్టోబరు చివర్లో మీరు దానికోసం కేటాయించే ఒక మధ్యాహ్నమే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఇకపై చెప్పేవన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే. కొన్ని వినగానే తప్పుడు సలహాల్లా ఉంటాయి. అయినా పాటించమని మనసారా అడుగుతున్నాను. కుండీ డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఎవరో ప్రేమగా ఇచ్చిన పిలకని నాలుగేళ్లు సాకాక అది కుండీతో పాటే పోతే కలిగే బాధ వేరు.

పగలగొట్టేది చలి కాదు, తడి

నీళ్లు గడ్డకట్టేటప్పుడు వాటి పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కుండీల కథంతా ఈ తొమ్మిది శాతంలోనే ఉంది. మామూలు ఎర్రమట్టి కుండీని సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కానీ కరిగి గాజులా మూసుకుపోదు. గోడ నిండా కంటికి కనపడని సన్నని రంధ్రాలు మిగులుతాయి. మన వేసవిలో కుండలో నీళ్లు చల్లగా ఉండేది ఆ రంధ్రాల వల్లే, నీళ్లు వాటిగుండా చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతాయి కాబట్టి. అవే రంధ్రాలు ఇలినాయ్ నవంబరులో కుండీకి శత్రువులు. వాటిలో నిండిన నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడల్లా గోడ పొరలుపొరలుగా రాలుతుంది.

మన కుమ్మరుల కుండలు ఈ పరీక్షకి ఎప్పుడూ నిలబడలేదు, నిలబడాల్సిన అవసరమూ రాలేదు. లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగిందంటేనే మన పత్రికలు ఫొటోలు వేస్తాయి. షికాగోలో 1985 జనవరి 20న మైనస్ 27 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 33 సెల్సియస్. 2019 జనవరి 30న మైనస్ 23 ఫారెన్‌హీట్‌కి దిగింది. ఇలాంటి రాత్రులకి భయపడి జనం కుండీలకి దుప్పట్లు చుడతారు. నిజానికి కుండీకి ఎక్కువ హాని చేసేది ఫిబ్రవరి చివర, మార్చిలో. పగలు ఎండకి మంచు కరిగి మట్టిలోకి ఇంకుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, మర్నాడు మళ్లీ కరుగుతుంది. ఒక్కసారి గట్టిగా బిగుసుకుని అలాగే ఉండిపోయే కుండీ కన్నా, రోజూ కరుగుతూ బిగుస్తూ ఉండే కుండీ త్వరగా చీలుతుంది.

అదే మట్టికుండీని పొడిగా, ఖాళీగా, వాన పడని చోట బోర్లించి పెడితే? వేడి లేని గరాజ్‌లో ఎంత చలి వేసినా దానికి ఏమీ కాదు. గడ్డకట్టడానికి లోపల నీరే లేదు కదా. దుకాణంలో అన్నిటికన్నా చవకైన కుండీ కూడా ఇలా పదేళ్లు మన్నుతుంది.

ఖరీదైనదే మన్నుతుందని కొనకండి

ఎక్కువ డబ్బు పోసేది చాలామంది మెరుగు పూసిన రంగురంగుల కుండీల మీదే. నీలం, ముదురాకుపచ్చ, నిగనిగలాడే గోధుమరంగు. ఆ మెరుగు బయటివైపే ఉంటుంది. లోపలివైపు చేత్తో తడిమి చూడండి, చాలావాటిలో గరుకు మట్టే తగులుతుంది. తడి లోపలి నుంచి గోడలోకి దిగుతుంది, బయటికి వెళ్లడానికి మెరుగు అడ్డం. అక్కడే ఆగి గడ్డకట్టి, మెరుగుని పెచ్చులుపెచ్చులుగా ఊడదీస్తుంది. మామూలు మట్టికుండీకి బయటివైపు వార్నిష్‌లాంటిది పూయమని కొందరు చెప్పే సలహాదీ ఇదే దోషం. పూస్తే లోపలా బయటా, అడుగునా, చిల్లు అంచులోనూ పూయాలి. బయట మాత్రమే పూయడం కన్నా అసలు పూయకపోవడమే నయం.

స్టోన్‌వేర్ సంగతి వేరు. దాన్ని 1200 డిగ్రీల పైన కాలుస్తారు, గోడ దాదాపు గాజులా మూసుకుపోతుంది, నీరు పీల్చదు. ఇటలీలో ఫ్లోరెన్స్ దగ్గరి ఇంప్రునేటా అనే ఊరి ఎర్రమట్టి కుండీలకి కూడా చలిని ఓర్చుకుంటాయని శతాబ్దాల పేరుంది. నిజంగా మంచి వస్తువులు అవి. అయినా మూడు సంగతులు మనసులో పెట్టుకుని కొనండి.

మొదటిది, ఆకారం. మూతి సన్నగా, పొట్ట లావుగా ఉన్న కుండీ ఎంత గట్టి మట్టితో చేసినా మట్టి నిండా ఉండి బయట ఉంటే ప్రమాదమే. తడిమట్టి గడ్డకట్టి ఉబ్బినప్పుడు పైకి పోవడానికి దారి ఉండాలి. అడుగు సన్నగా ఉండి పైకి వెళ్లేకొద్దీ విచ్చుకునే కుండీలో మట్టి గడ్డ ఆ వాలు వెంట పైకి జరుగుతుంది. కూజా ఆకారంలో ఆ గడ్డ ఎటూ కదల్లేక గోడనే తోస్తుంది. అందుకే ఊరగాయ జాడీలాంటి అందమైన కుండీలు చూడగానే చేతులు కట్టుకోండి.

రెండోది, చీటీ మీద చలిని ఓర్చగలదని రాసిన మాట కుండీ గురించే తప్ప మొక్క గురించి కాదు. కుండీ నిలుస్తుంది, లోపల వేరు చచ్చిపోతుంది. ఈ తేడా తెలియక చాలామంది పెద్ద డబ్బు పెట్టి కొన్న కుండీలో పెద్ద డబ్బు పెట్టి కొన్న జపనీస్ మేపుల్‌ని పోగొట్టుకుంటారు. నేలలో వేరుకి చలి పైనుంచి ఒక్కవైపే వస్తుంది, లోతుకి పోయేకొద్దీ నేల వెచ్చగా ఉంటుంది. కుండీలో వేరుకి అన్ని పక్కల నుంచీ వస్తుంది. పైగా ఏ చెట్టుకైనా కొమ్మలు ఓర్చినంత చలిని వేళ్లు ఓర్చలేవు. అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటుని బట్టి 13 మండలాలుగా విడదీసి పటం వేసింది, 2023లో దాన్ని సవరించింది కూడా. షికాగో పరిసరాలు అయిదు, ఆరు మండలాల్లోకి వస్తాయి. అయిదో మండలంలో ఉన్నవాళ్లు చలికాలమంతా కుండీలోనే బయట ఉంచదలచిన మొక్కని మూడో మండలానికి తగినదిగా ఎంచుకోవాలని తోటమాలులు చెప్పే లెక్క. అంటే రెండు మండలాలు చలివైపు జరగాలి.

మూడోది, బరువు. ఎత్తలేని కుండీని మీరు అక్టోబరులో ఖాళీ చేయరు. ఎన్ని సంకల్పాలు చెప్పుకున్నా చేయరు. కాబట్టి నింపాక ఒక్కరే ఎత్తగలరా అన్నదే నా దృష్టిలో ధర కన్నా, రంగు కన్నా ముందు చూడాల్సిన విషయం.

మీ మొక్కలకి ఇక్కడ చలికాలం లేదు

ఈ మాట దగ్గర కాస్త నిలబడండి. మనం కుండీల్లో పెంచేవి ఏమిటి? గోంగూర, బెండ, మిర్చి, టమాటా, దోస, తోటకూర. ఇవన్నీ తొలి గట్టి మంచుతోనే అయిపోతాయి. కరివేపాకు, మల్లె, తులసి, మందార. ఇవన్నీ ఇంట్లోకి వస్తాయి. రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హీట్ కిందికి, అంటే 10 సెల్సియస్ కిందికి దిగడం మొదలవగానే కరివేపాకుని లోపలికి తేవాలి. అంటే వీటిలో ఒక్క మొక్క కూడా జనవరిలో బయటి కుండీలో బతికి ఉండదు. మరి ఎవరికోసం ఆ కుండీ మట్టితో నిండి మంచులో నిలబడాలి? ఉత్తర అమెరికా తోటపని పుస్తకాలు దేవదారు జాతి మొక్కలనీ పొదలనీ బయట ఉంచేవాళ్ల కోసం రాసినవి. వాళ్ల సమస్యకి పరిష్కారాన్ని మనం డబ్బిచ్చి కొంటున్నాం.

మన అమ్మలూ అత్తయ్యలూ ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఆలోచించారు. డాల్డా డబ్బాలో మందార, నూనె డబ్బాలో కనకాంబరం, చిల్లుపడిన బకెట్లో పుదీనా. కుండీ అందంగా ఉండాలని వాళ్లు అనుకోలేదు, పాదు బాగుండాలని అనుకున్నారు. వేసవి సెలవులకి ఇక్కడికి వచ్చిన పెద్దావిడ ఎవరైనా గరాజ్‌లో ఖాళీ బకెట్ చూసి "దీంట్లో వంగ నాటొచ్చు కదమ్మా" అంటే కొట్టిపారేయకండి. ఆ మాట వెనక ఏళ్ల అనుభవం ఉంది. అందులో చలి ఒక్కటే లేదు, అది మనం కలుపుకుంటే చాలు.

ప్లాస్టిక్ బకెట్‌ని చిన్నచూపు చూడకండి

ఇళ్ల సామాన్ల పెద్ద దుకాణాల్లో దొరికే అయిదు గ్యాలన్ల బకెట్, అంటే సుమారు 19 లీటర్లది, కొన్ని డాలర్లకే వస్తుంది. సూపర్ మార్కెట్లలో కేకులు చేసే విభాగంలో అడిగితే ఐసింగ్ వచ్చిన బకెట్లు చాలాచోట్ల ఊరికే ఇచ్చేస్తారు. అవి తిండి పదార్థాల కోసం చేసినవి కాబట్టి కూరగాయలకి మరీ మంచివి. పెయింటు ఉన్న పాత బకెట్లో మాత్రం తినేవేవీ పెంచకండి.

బకెట్ తిరగేసి అడుగున త్రిభుజంలో ఉన్న అంకె చూడండి. 2 ఉంటే అది హై డెన్సిటీ పాలిథిలీన్. ఎంత చలిలోనూ కొంత సాగే గుణం దానికి పోదు, షికాగో దాన్ని విరిచేంత చలిని ఎప్పుడూ చూడలేదు. 5 ఉంటే పాలీప్రొపిలీన్. అందులో సాదా రకం సున్నా సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి పెళుసుబారడం మొదలుపెడుతుంది. వేసవిలో వంగిన ఆ కుండీ అంచు జనవరిలో చెయ్యి తగిలితే విరిగేది అందుకే. 6 ఉంటే పాలిస్టైరీన్, అది బయటి పనికి పనికిరాదు. ప్లాస్టిక్ కుండీలన్నీ చలికి పగిలిపోతాయని చెప్పేవాళ్లు ఆ అంకె చూడనివాళ్లు.

ఎండ కూడా ప్లాస్టిక్‌ని తింటుంది. తెల్ల బకెట్ కన్నా నల్లది ఎక్కువ ఏళ్లు ఉంటుంది, ఎందుకంటే నలుపు కోసం కలిపే కార్బన్ పొడి అతినీలలోహిత కిరణాలని లోపలికి పోనివ్వదు. నల్లకుండీలో మట్టి త్వరగా వేడెక్కుతుంది. మేలో ఇక్కడి నేల ఇంకా చల్లగా ఉన్నప్పుడు బెండకీ మిర్చికీ అది వరమే. జూలై మండుటెండలో పడమటి గోడ పక్కన పెట్టినవాళ్లు మాత్రం కుండీకి అడ్డంగా ఒక చెక్కో ఇంకో కుండీయో పెట్టి కుండీకి నీడ ఇవ్వాలి.

చిల్లులు అడుగు మధ్యలో పెట్టకండి. అడుగంచుకి కాస్త పైన, పక్కగోడకి, చుట్టూ అయిదారు పెట్టండి, ఒక్కోటి అర అంగుళం. అడుగున చిల్లు ఉన్న బకెట్ డెక్కు చెక్క మీదో సిమెంటు మీదో కూర్చుంటే ఆ చిల్లు మూసుకుపోతుంది, చలిలో అయితే కింద పేరుకున్న మంచుతో బిరడా వేసినట్టే అవుతుంది. పక్కచిల్లుకి ఆ బాధ లేదు.

బకెట్ చూడ్డానికి బాగుండదని ఇంట్లో అభ్యంతరం వస్తుంది, న్యాయమే. అందమైన కుండీ ఒకటి కొనుక్కోండి, దాంట్లో మట్టి మాత్రం పోయకండి. మొక్కని నర్సరీ నల్లకుండీలోనే ఉంచి దాన్ని అందమైన కుండీలో దించండి. అక్టోబరులో లోపలిది పైకి తీసి, పైదాన్ని తుడిచి గరాజ్‌లో పెట్టేయొచ్చు. ఇంటి ముందు చూపించుకునే మెరుగు కుండీ పగలకుండా ఉండటానికి నాకు తెలిసి ఇంతకన్నా చవకైన దారి లేదు. నర్సరీ నల్లకుండీలు కొనక్కర్లేదు కూడా. కొన్ని నర్సరీల్లో వాడేసిన కుండీలు తిరిగిచ్చే బండి ఒకటి బయట ఉంటుంది, అడిగి తెచ్చుకోవచ్చు.

గుడ్డ సంచులు కూడా చెప్పాలి. ఫెల్టు గుడ్డతో చేసిన ఈ సంచులకి పగలడం అనేదే లేదు, గోడ మెత్తన కాబట్టి మట్టి ఎంత ఉబ్బినా సంచి దాంతో పాటే కదులుతుంది. ఎండకి నాలుగైదేళ్లలో చిరుగుతాయి. ఖాళీ చేసి ఉతికి మడిచి అరలో పెట్టుకోవచ్చు. అపార్ట్‌మెంట్ బాల్కనీ ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇవే. వేసవిలో త్వరగా ఎండిపోతాయి, రోజూ నీళ్లు పోయలేనివాళ్లకి వద్దు.

తోట దుకాణానికి వెళ్లకండి, పశువుల సామాన్ల దుకాణానికి వెళ్లండి

పెద్ద తొట్టి కావాలంటే తోట దుకాణంలో వెతకడం వృథా ఖర్చు. షికాగో నుంచి పడమటికో దక్షిణానికో కారు తీస్తే గంటలో మొక్కజొన్న చేలు, రైతుల సామాన్ల దుకాణాలు తగులుతాయి. అక్కడ పశువులకి నీళ్లు పెట్టే తొట్లు అమ్ముతారు. జస్తాపూత వేసిన ఉక్కువి, లేదా మందపాటి పాలిథిలీన్‌వి. వాటిని చేసిందే ఈ చలి కోసం. జనవరిలో నీళ్లు గడ్డకట్టినా చీలకూడదు, గొడ్డు కొమ్ముతో పొడిచినా పగలకూడదు అన్న లెక్కతో. మన ఊళ్లో కుడితి గోలెం చేసే పనే ఇవీ చేస్తాయి, కాకపోతే మంచులో నిలబడి చేస్తాయి.

రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు ఉన్న కోడిగుడ్డాకారం తొట్టి వంద డాలర్లు దాటుతుంది. ఆ ధరకి అంత మట్టి పట్టే మెరుగు కుండీ రాదు. గోంగూరకి, దోసపాదుకి అంతకన్నా ఏం కావాలి? పక్కన అడుగు దగ్గర ఒక బిరడా ఉంటుంది, అది తీసేసినా నీళ్లన్నీ పోవు. అడుగంతా ఇంకో పదిపన్నెండు చిల్లులు వేయండి. ఇటుకల మీద కూర్చోబెట్టండి.

దాన్ని డెక్కు మీద మాత్రం పెట్టకండి. తడిసిన మట్టితో అది మూడు వందల కిలోల దాకా తూగుతుంది. ఇళ్ల డెక్కులని మామూలుగా చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువు మోసే లెక్కన కడతారు. ఎనిమిది చదరపు అడుగుల తొట్టి ఆ లెక్కకి రెట్టింపు అవుతుంది. నేల మీద పెట్టండి, ఎండ తగిలే చోట చూసి ముందే కుదురు చేసుకోండి, నిండాక కదపలేరు.

చెక్క తొట్లలో నాకు నమ్మకం ఉన్నది సగానికి కోసిన విస్కీ పీపా. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రల్లోనే నిల్వ చేయాలి, అందువల్ల ఒకసారి వాడిన పీపాలు పెద్ద సంఖ్యలో బయటికి వస్తాయి. కొన్నాక పూర్తిగా ఎండనివ్వకండి, పలకలు కుంచించుకుపోయి ఇనుప కడియాలు జారతాయి. దేవదారు చెక్కా మంచిదే. ఎవరైనా పాత డెక్కు విప్పిన చెక్కలు ఊరికే ఇస్తామంటే మాత్రం ఎప్పుడు కట్టారో అడగండి. 2003 చివరి దాకా ఇళ్ల డెక్కులకి వాడిన చెక్కని చాలావరకు ఆర్సెనిక్ ఉన్న రసాయనంలో ఊరబెట్టేవాళ్లు. అందులో తోటకూర పెంచుకోవద్దు.

అడుగున గులకరాళ్లు వేయకండి

ఇది విని చాలామంది నొచ్చుకుంటారు, ఎందుకంటే ఈ పని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. పగిలిన పెంకులు, గులకరాళ్లు అడుగున పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని. దిగవు. సన్నని రేణువులున్న మట్టి కింద పెద్ద ఖాళీలున్న రాళ్ల పొర ఉంటే, పై మట్టి పూర్తిగా నానేదాకా నీరు ఆ గీత దాటి కిందికి రాదు. కుండీ అడుగున ఉండాల్సిన చిత్తడి పొర రాళ్లు వేసినంత ఎత్తు పైకి లేస్తుంది, వేళ్ల మధ్యలోకి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉద్యాన శాస్త్రవేత్త లిండా చాల్కర్-స్కాట్ ఏళ్లుగా ఇదే చెబుతున్నారు. వేసవిలో అది వేరుకుళ్లు తెస్తుంది. చలికాలంలో ఆ చిత్తడి పొరే గడ్డకట్టి కుండీని చీలుస్తుంది. చిల్లు మీద చిన్న దోమతెర ముక్క చాలు, మట్టి జారకుండా. మిగతాదంతా పీట్, పెర్లైట్ కలిసిన తేలిక మట్టితో నింపండి. పెరటి మట్టి కుండీలోకి వద్దే వద్దు, నీళ్లు పట్టి ఉంచుతుంది, బరువు పెంచుతుంది.

కింద పెట్టే పళ్లెం అక్టోబరు మొదట్లోనే తీసేయండి.

బయటే ఉండాల్సినవి ఉంటే

గులాబీ, పుదీనా, ఉల్లికాడల్లాంటి చలి ఓర్చే మొక్కలు కొందరి కుండీల్లో ఉంటాయి. వీటికి అందరూ చెప్పేది దక్షిణం గోడ పక్కన ఎండలో పెట్టమని, పైన మంచు దులపమని, నీళ్లు పూర్తిగా ఆపమని. మూడూ తిరగేయండి.

ఉత్తరం వైపు, లేదా తూర్పు నీడలో, ఇంటి గోడకి దగ్గరగా పెట్టండి. ఎండ తగలని చోట కుండీ ఒకసారి గడ్డకట్టి మార్చి దాకా కదలకుండా ఉంటుంది, మొక్క నిద్రలోనే ఉంటుంది. దక్షిణం గోడ పక్కన ఫిబ్రవరి ఎండకి మేలుకుని చిగురువేసి రాత్రికి మాడిపోతుంది. డెక్కు మీది నుంచి కిందికి దించి నేలకి ఆనించి, అన్నిటినీ ఒకదానికొకటి తాకేలా గుంపుగా చేర్చండి. మధ్య సందుల్లో ఎండుటాకులు కూరండి. తర్వాత కురిసిన మంచుని దులపకండి, వీలైతే ఇంకాస్త ఎత్తి మీద పోయండి. పొడిమంచులో గాలి ఎక్కువ, అది చలిని ఆపుతుంది. కాకపోతే డ్రైవ్‌వే నుంచి పారతో ఎత్తిన మంచు వద్దు, దాంట్లో ఉప్పు ఉంటుంది. నవంబరులో గడ్డకట్టే ముందు ఒకసారి బాగా తడపండి. ఎండిపోయిన వేరు చలికి ముందే చచ్చిపోతుంది. కుండీని బుడగల ప్లాస్టిక్‌తో చుట్టడం గురించి అడుగుతారు. చుడితే చలి కాస్త నెమ్మదిగా చేరుతుంది, చేరకుండా ఆగదు. అందులో వేడి పుట్టించేది ఏదీ లేదు కదా. ఆ డబ్బుతో ఇంకో బస్తా ఆకులు నింపుకోవచ్చు, ఆకులు ఊరికే వస్తాయి.

ఇక్కడ చెప్పినదానికీ మొదట చెప్పినదానికీ పొత్తు కుదరదని అనిపించవచ్చు. మొదట పొడిగా ఉంచమన్నాను, ఇక్కడ తడపమన్నాను. మొక్క ఉన్న కుండీకి మొక్క ప్రాణం ముందు, అందుకే ఆ పని పాలిథిలీన్ బకెట్‌కో, పశువుల తొట్టికో, గుడ్డ సంచికో అప్పగించండి. మట్టికుండీకి అప్పగించకండి.

కరివేపాకుకి పెద్ద కుండీ ఇవ్వకండి

ప్రేమ ఎక్కువై ఏటా పెద్ద కుండీకి మార్చేస్తారు. ఇంట్లో నవంబరు నుంచి మార్చి దాకా వెలుతురు తక్కువ, ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది, ఆకులు కూడా రాలుస్తుంది. పెరగని మొక్క నీళ్లు తాగదు. పెద్ద కుండీలో అంత మట్టి వారాల తరబడి తడిగానే ఉండి వేరు కుళ్లుతుంది. చాలామంది కరివేపాకు చలికి పోయిందని అనుకుంటారు, నిజానికి తడికి పోతుంది. వేళ్లు కుండీని నిండా చుట్టుకున్నాకే మార్చండి, అదీ ఏప్రిల్, మేల్లో, రెండంగుళాలు మాత్రమే పెద్దదానికి. పిడులున్న తేలికపాటి కుండీ చూడండి. ఏడాదికి రెండుసార్లు డెక్కు గాజుతలుపు దాటాల్సింది అదే. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి, పొడి తగిలితేనే నీళ్లు పోయండి. ఆకులు రాలాయని కంగారుపడి నీళ్లు పెంచకండి. కాండం మీద గోటితో గీరి చూస్తే కింద పచ్చగా ఉంటే అది బతికే ఉన్నట్టు.

సిమెంటు తులసికోటని కూడా మట్టి తీసేసి బోర్లించి పెట్టండి. తులసిని చిన్న కుండీలో లోపల ఉంచుకోండి. వైశాఖంలో మళ్లీ కోటలో పెడితే సరిపోతుంది.

అక్టోబరు పని

తొలి మంచు పడి మొక్కలు వాలిపోయాక మొదలుపెట్టండి, అంతకుముందు అక్కర్లేదు. కాండాలు మొదలంటా కోయండి, వేళ్లు పెళ్లగించకుండా కుండీని పక్కకి వాల్చి మట్టిగడ్డని మొత్తం ఒక టార్పాలిన్ మీదికి జార్చండి. మరీ గట్టిగా పట్టుకుంటే గడ్డ చుట్టూ పొడుగు చాకు తిప్పండి. తెగులు తగిలిన టమాటా మట్టిని పారేయండి. మిగతాది మూత ఉన్న డబ్బాలో పోసి గరాజ్‌లో ఉంచితే వచ్చే ఏడు మూడో వంతు కొత్త మట్టి, కంపోస్టు కలిపి వాడుకోవచ్చు. ఏటా మట్టి బస్తాల మీద పెట్టే ఖర్చే కుండీల ఖర్చుని మించిపోతుంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మట్టికుండీలని కడిగి ఎండలో రెండు రోజులు ఆరనివ్వండి. ఎండ లేకపోతే గరాజ్‌లో పక్కకి పడుకోబెట్టి వారం ఆగండి. తడిగా ఒకదాంట్లో ఒకటి దోపకండి, అతుక్కుపోయి ఏప్రిల్లో లాగినప్పుడు పైదాని అంచు ఊడి వస్తుంది. మధ్యలో పాత వార్తాపత్రిక ముక్క పెట్టండి. గరాజ్ లేనివాళ్లు డెక్కు కింద ఇటుకల మీద బోర్లించి, పైన టార్పాలిన్ కప్పి, అడుగున గాలి ఆడనివ్వండి. నేలకి మూతి ఆనితే తడి పైకి ఎక్కుతుంది.

ఇప్పటికే చీలిన కుండీలు ఉంటే పారేయకండి. అంచు కింద ఒకటి, నడుము మీద ఒకటి, రెండు చుట్లు ఇనుప తీగ వేసి కటింగ్ ప్లేయర్‌తో మెలిపెట్టి బిగించండి. వేసవి గోంగూరకి ఇంకా రెండు మూడేళ్లు పనికొస్తుంది. కొత్తవి కావాలంటే మేలో కొనకండి. దుకాణాలు సెప్టెంబరు చివర్లో క్రిస్మస్ సరుకుకి చోటు చేసుకోవడం కోసం కుండీల ధర బాగా తగ్గించేస్తాయి. అప్పుడు వెళ్లి తిరగేసి అంకె చూసి, లోపల చెయ్యి పెట్టి గోడ తడిమి, ఒక్క చేత్తో ఎత్తి చూసి తెచ్చుకోండి. తెచ్చాక నింపకుండా నేరుగా గరాజ్‌లో బోర్లించండి.